టీచర్ వేలి కింద కనిగిరి

మా బడిలో సోషల్ చెప్పే మాబూబీ టీచర్ ప్రతి ఉదయం రాగానే బిస్మిల్లా అనుకుని, తరగతి గోడకున్న పెద్ద కంప్యూటర్ టచ్ తెరను పైటకొంగుతో తుడిచేవారు. బడి పక్కనే మిరప కల్లాలు గనుక దాని మీద ఎర్రటి దుమ్ము పడేది. ఆ తెర మీద భూగోళాన్ని తిప్పుతూ పిల్లలకు లోకమంతా చూపించారావిడ.

షుగర్ వల్ల ఆవిడ చూపు తగ్గుతూ వచ్చింది. గోడపటమైతే తడిమినా కదలదు. తెర మీద వేలు కాస్త జారితే చాలు, ఊళ్లన్నీ జరిగిపోతాయి. అప్పుడల్లా ముందు బల్లలో కూర్చునే శ్రీరమ్య చప్పుడు చేయకుండా తన బల్ల మీదున్న మౌస్‌తో తెర మీది పటాన్ని జరిపి, టీచర్ చెప్పిన ఊరిని ఆవిడ వేలి కిందికి తెచ్చేది.

ఒకరోజు ఆవిడ, "ఇదిగో, మా పుట్టింటోళ్ల కనిగిరి" అన్నారు.

"టీచర్, మీ వేలు సముద్రంలో ఉందండీ!" అని చైతన్యకృష్ణ పకపకా నవ్వాడు.

"నోర్ముయ్ రా, జరుపుతున్నాగా!" అని శ్రీరమ్య కసిరింది.

టీచర్‌కు అంతా అర్థమైంది. "ఎన్నాళ్ల నుంచమ్మా?"

"దసరా సెలవులప్పట్నుంచండీ."

ఆవిడ కళ్లు ఒత్తుకున్నారు. "ఇన్నాళ్లూ నేనే చూపిస్తున్నాననుకున్నా తల్లీ. వేసవికి బడి మానేస్తాలే. అందాకా ఒక్క సాయం చెయ్యి. నా కోసం భూమిని కదపొద్దు. నా వేలు పట్టుకుని సరైన చోట పెట్టు."