చూసే చేపలు

కోటబొమ్మాళి బజారులో మా అత్త చేపలు కోసే కత్తిపీట ముందు కూర్చుందంటే, అక్కడ బంగాళాఖాతంలో సంతాపసభ మొదలయ్యేదని నా నమ్మకం. అలాంటి మనిషి ఇంట్లో రైలుపెట్టెంత గాజుతొట్టి పెట్టి, అందులో అడవంత మొక్కలు నాటి, పళ్లెంలా గుండ్రంగా ఉండే డిస్కస్ చేపల్ని పెంచేది.

"సేపలమ్మేదానివి, సేపల్ని సాకడమేటే? పులుసెట్టెయ్!" అని మావ రోజూ దెప్పేవాడు.

"అమ్మే సేప బజార్లో ఉన్నాది. ఇవి సూసే సేపలు" అనేది అత్త.

తొట్టిలో చెయ్యి పెట్టే ముందు మాత్రం సగం సబ్బు అరిగేలా మోచేతుల దాకా కడిగేది. ఎందుకత్తా అని నేనడిగితే, "నా సేతి వోసన ఈటికి తెలీకూడదురా" అని గొంతు తగ్గించి చెప్పేది.

ఒకసారి గాలివానకి కరెంటు పోయింది. వెచ్చటి నీళ్లలో తప్ప బతకని ఆ చేపలు, హీటరు ఆగి నీళ్లు చల్లబడేసరికి నల్లబడి మొక్కల వెనక నక్కాయి. బజారు నుంచి వచ్చిన అత్త అది చూసింది. మావ ఆకలిని లెక్కచెయ్యక పొయ్యి మీది అన్నం గిన్నె దించేసి, నీళ్లు మరిగించి సీసాలో నింపింది. చెయ్యి కడగడం మరిచి, ఆ సీసా పట్టుకునే తొట్టిలో ముంచింది.

"పొలుసులంటిన సెయ్యే అది! జడిసి సస్తాయి!" అని మావ అరిచాడు.

చేపలు ఒక్కొక్కటే వచ్చి ఆ చేతి చుట్టూ చేరాయి. అత్త కళ్లలో తుఫాను తీరం దాటింది.

"సీసా ఎచ్చదనానికి వచ్చినాయిలే" అని గొణిగాడు మావ.

"సీసా ఎవలి సేతిలో ఉన్నాది?" అంది అత్త.