నేను చదవని సగం

నాలుగేళ్లుగా ఒక చిన్న పుస్తకం నా గుండెల మీద బరువుగా ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. పలచటి అట్ట, పాతిక పేజీలు కూడా లేవు. ట్రంకుపెట్టె అడుగున, పెళ్లిచీర మడతల్లో దాచాను. ఎవరికైనా దొరికినా భయం లేదు. ఈ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే ఆ తప్పు చేయగలిగాను.

మీరెవరో నాకు తెలియదు. కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం రాయను.

మాది నంద్యాలలో వ్యాపారం చేసుకునే కుటుంబం. మా ఆయన వేరుశనగ కొని అమ్ముతారు. నేను మద్రాసులో కాలేజీ చదివి వచ్చిన కోడలిని. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా ముందు పెడతారు. నేను ఏం చెబితే అందులో అదే ఉన్నట్టు.

మా అత్తది ఆళ్లగడ్డ. ఆమె పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తల్లి కాన్పులో పోయింది. పుట్టిన తమ్ముణ్ణి ఆమే చంకనెత్తుకుని పెంచింది. కాపురానికి వస్తూ వెంటబెట్టుకుని వచ్చిందట. ఆ పిల్లవాడు పెద్దయి, డాక్టరు చదివి, ట్రినిడాడ్ అనే దీవిలో ఆసుపత్రి ఉద్యోగానికి పోయాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. అత్తకు మాత్రం ఇప్పటికీ చిన్నోడే.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో అతని ఉత్తరం వచ్చింది. అక్కా, నాలుగు నెలలు నా దగ్గర ఉండి పో, టిక్కెట్టు నేను కొంటాను, మద్రాసు నుంచి నా స్నేహితుడూ అతని భార్యా ఇక్కడికే వస్తున్నారు, వాళ్ల తోడు ఉంటుంది అని. ఆ ఉత్తరంతోపాటే ఈ పుస్తకం. సముద్రాలు దాటి ఆ వేడి దేశపు దీవులకు పోయేవాళ్లు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఓడ కంపెనీవాళ్లు వేసింది. కోడలి చేత చదివించుకో, ఆమె చెప్పినట్టు చెయ్యి అని ఉత్తరం చివర రాశాడు.

ఉత్తరం వచ్చాక పదిహేను రోజులు అత్తను చూసి తీరాలి. ఓడ ఊగుతుందని ఎవరో చెప్పారు. అలవాటు చేసుకోవాలని మధ్యాహ్నంపూట ఉయ్యాల బల్ల మీద పడుకుని, పక్కింటావిడను పిలిచి గట్టిగా ఊపమనేది. కళ్లు తిరిగి లేచి కూర్చునేది. మళ్లీ పడుకునేది. "నేనింకా బొంబాయి గూడా సూళ్లేదు, మాయమ్మ సముద్రాలు దాటుతాదంట" అని మా ఆయన నవ్వితే, "నీకు యాపారం ఉంది, నాకు తమ్ముడుండాడు, మూసుకో" అనేది. చిన్నోడికి ఇష్టమని గోంగూర పచ్చడి రెండు జాడీలకు పెట్టి, మూతికి గుడ్డ చుట్టి దారంతో కుట్టింది. నా దగ్గర ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుంది. 'నో మీట్' అని గట్టిగా అనేది, ఓడవాళ్లంతా చెవిటివాళ్లయినట్టు.

నేనూ నవ్వాను. నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. పోవడానికి నెలన్నర, రావడానికి నెలన్నర, అక్కడ నాలుగు నెలలు. ఏడు నెలలు.

నా మొదటి బిడ్డ పుట్టిన ఆరో నెలలో పోయింది. అత్త ఆళ్లగడ్డకు పెళ్లికి పోయిన నాలుగు రోజుల్లో జ్వరం వచ్చి, ఫిట్సు వచ్చి పోయింది. అత్త ఉంటే బతికేదా? తెలియదు. కానీ ఆమె లేదు, బిడ్డ పోయింది. ఈ రెండూ నా మనసులో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఉత్తరం వచ్చేనాటికి రెండోవాడికి అయిదు నెలలు. ఆమె కాళ్లు చాపుకుని పడుకోబెట్టుకుంటే తప్ప నిద్రపోయేవాడు కాదు. ఇది సాకుగా చెప్పడం లేదు. సాకు కాదా? ఏమో.

ఒక సాయంత్రం అత్త వాణ్ణి కాళ్ల మీద వేసుకుని, "ఆ పుస్తకం సదువమ్మీ, ఏమేమి కట్టుకోవల్లో సూస్తాము" అంది. నేను చదివాను. అందులో లేనిది చదవలేదు. ఉన్నది సగమే చదివాను. అక్కడ పచ్చజ్వరం అనే రోగం ఉందని చదివాను. నీళ్లతో కడుపు జబ్బులు వస్తాయని, ఆ సముద్రాల్లో ఇళ్ల పైకప్పులు లేపుకుపోయే గాలివానలు పుడతాయని చదివాను. ప్రతి అపాయం పక్కనే దాన్ని తప్పించుకునే దారి రాసి ఉంది. నా కళ్లు దాన్ని చూశాయి. నోరు మాత్రం ముందే ఆగిపోయింది.

అత్త చేతులు బిడ్డ వీపు మీద ఆగాయి. "ఏందమ్మీ, ఇండ్ల కప్పులే లేపుకపోతాదా?"

"అట్లనే రాసినారు అత్తా."

"మల్ల మా చిన్నోడు ఆడ ఎట్ల ఉండాడు?"

"డాక్టరు కదా. అలవాటైపోయింటాది."

ఇది పుస్తకంలో లేదు. ఇది నేను కల్పించింది.

ఆమె బిడ్డ వీపు మళ్లీ నిమరసాగింది. చివరికి, "నువ్వు సదువుకున్నదానివి. పొమ్మంటావా, వద్దంటావా? నువ్వెట్ల చెప్తే అట్ల."

"నేనేం చెప్పేది అత్తా? పుస్తకంలో ఉండేది చెప్పినా."

"సరేలే. రాలేనని రాయి వానికి. కోపం చేసుకోవద్దను."

ఆ ఉత్తరం నా చేత్తోనే రాశాను. పచ్చడి జాడీలు ఆళ్లగడ్డలో బంధువుల ఇళ్లకు పోయాయి. కుట్లు విప్పుతున్నప్పుడు ఆమె ముఖం నేను చూడలేదు. చూడకుండా పెరట్లోకి పోయాను.

మా వాడు బతికాడు. ఇప్పుడు పలక మీద అఆలు దిద్దుతున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా ఆమె ఉన్నందుకు సంతోషం వేస్తుంది. ఆ సంతోషం నాది కాదని, ఇంకొకరి దగ్గర లాక్కున్నదని వెంటనే గుర్తొస్తుంది. నాకు జ్వరమొస్తే ఆమే గంజి కాచి పోస్తుంది, తల దువ్వుతుంది. ఊళ్లో అందరితోనూ అంటుంది: "మా కోడలు సదివి చెప్పింది గాబట్టి సరిపాయె. లేకుంటే ఏ సముద్రంలోనో కలిసిపోతాంటి." ఆ మాట అనేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటుంది. అప్పుడు ఎటు చూడాలో నాకు తెలియదు.

ఆ మరుసటి ఏడు చిన్నోడు ఫోటో పంపాడు. వాళ్ల ఇంటి వరండా. అందులో మన ఇళ్లల్లో ఉండేలాంటి ఉయ్యాల బల్ల. అక్క వస్తుందని, రాలేనన్న ఉత్తరం అందకముందే చేయించాడట. ఎవరూ కూర్చోని బల్ల. అత్తకు ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు. గుండె కూడా బాగాలేదు, దూర ప్రయాణం వద్దన్నారు. ఫోటో నా చేతికిచ్చి, "ఏముందో చెప్పమ్మీ" అంటుంది. చెబుతాను. ఈసారి ఏదీ వదలకుండా చెబుతాను, గొలుసులకున్న ఇత్తడి పువ్వులతో సహా.

ఆమెకు నిజం చెప్పాలా? చెబితే నన్ను తిట్టదని తెలుసు. "బిడ్డ తల్లివి, భయపడినావు" అని తల నిమురుతుంది. ఆ ఓదార్పు తీసుకునే హక్కు నాకు లేదు. చెప్పకపోతే? ఆమె నన్ను మెచ్చుకుంటూనే ఉంటుంది. రెండింటిలో ఏది ఆమె కోసం, ఏది నా కోసం? ఇన్నాళ్లూ ఇక్కడే ఆగిపోతున్నాను.

ఈ రాత్రి పుస్తకం బయటికి తీశాను. ఆనాడు వదిలేసింది తెలుగులో రాస్తున్నాను. వినవలసిన మనిషి పక్క గదిలో నా కొడుకు మీద చెయ్యి వేసి నిద్రపోతోంది. కనీసం ఒక కాగితం మీదనైనా అది పూర్తిగా ఉండాలి.

పచ్చజ్వరానికి బయలుదేరే ముందు ఒక్క సూది వేయించుకుంటే చాలు. నీళ్లు కాచి చల్లార్చి తాగితే ఏ భయమూ లేదు. మాంసం తిననివాళ్లు ముందుగా చెబితే ఓడలో వేరే వండి పెడతారు. గాలివానలు ఎక్కువగా ఈ దీవికి ఉత్తరంగా పోతాయి. జనవరి నుంచి మే దాకా అసలు రావు. ఆ నెలల్లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పెద్దవయసువాళ్లు కూడా సుఖంగా రావచ్చు.

చిన్నోడు రమ్మన్నది జనవరిలోనే.