తూము దగ్గర ఎడమకి

నా చిన్నప్పుడు మా తెనాలిలో ఆడపిల్ల రోడ్డు మీద పరిగెత్తుతోందంటే, వెనక కుక్క ఎక్కడుందా అని చూసేవారు. కుక్క కనబడకపోతే ఇంకా కంగారుపడేవారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల మాట ఇది. ఇప్పుడు నాకు నలభై దగ్గరపడింది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలుస్తున్నారు కాబట్టి, చిన్ననాటి సంగతులు చెప్పే అర్హత వచ్చినట్టే.

పక్కింటి అక్క టైలర్ బాబాయిగారి పెద్దమ్మాయి. ఇంట్లో వాళ్లు ఉర్దూ మాట్లాడుకునేవారు, నాతో తెలుగు. పరిగెత్తేటప్పుడు మా ఇద్దరి మధ్యా ఏ భాషా ఉండేది కాదు. రోజూ తెల్లవారగానే కాలవ కట్ట ఎక్కి అంగలకుదురు వైపు పరిగెత్తేవాళ్లం. మొదలుపెట్టినప్పుడు అక్కకి పదహారు నిండబోతున్నాయి, నాకు పన్నెండు.

మా డ్రిల్లు మాస్టారు ఎక్కడినుంచో ఒక సీడీ సంపాదించి, మా ఇద్దరినీ వాళ్లింట్లో కూర్చోబెట్టి చూపించారు. కెన్యావాళ్ల మారథాన్. ముగ్గురు ఒకరి వెనక ఒకరు పోతున్నారు. ముందున్నతను చాలాసేపు గాలికి ఎదురు పరిగెత్తి, ఉన్నట్టుండి పక్కకి తప్పుకుని ఆగిపోయాడు.

"పాపం, ఓడిపోయాడండి" అన్నాను.

"ఓడిపోలేదమ్మా. అతని పని అయిపోయింది" అన్నారు మాస్టారు.

వాళ్లు కొండల్లో ఒకేచోట ఉండి, కలిసి తిని, కలిసి సాధన చేస్తారట. పందెం రోజు ఒకరు ముందుండి గాలికి అడ్డు కాస్తే వెనకున్న ఇంకొకరు గెలుస్తారట. మర్నాటి నుంచి మేమూ కెన్యావాళ్లమైపోయాం, కొండలు లేవన్న చిన్న లోటు తప్ప. కొండల బదులు మాకు తూములున్నాయి. కాలవలోంచి పొలాలకి నీళ్లు వదిలే ఆ తూములు కట్ట పొడుగునా ఉండేవి. ఒక తూము నుంచి ఇంకో తూము దాకా ఒకరు ముందు. తూము రాగానే ముందున్నవాళ్లు ఎడమకి జరగాలి, వెనకవాళ్లు ముందుకి రావాలి. చెప్పడాలు, చెయ్యి ఊపడాలు లేవు. రెండేళ్లు గడిచేసరికి, వెనక వచ్చే అడుగుల చప్పుణ్ణి బట్టి అక్క రాత్రి అన్నం తిందో లేదో చెప్పగలిగేదాన్ని.

ఆ ఏడు ఫిబ్రవరిలో బాపట్లలో పది కిలోమీటర్ల పందెం పెట్టారు. మొదట వచ్చిన అమ్మాయికి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఒక్కటే సీటు. పద్దెనిమిది నిండబోతున్న అక్కకి వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. బాబాయిగారు "ఈ ఒక్కసారేనమ్మా" అన్నారు. ఆ తర్వాత షాపులో రెండో కుట్టుమిషను సిద్ధంగా ఉంది. నాకు మాత్రం పద్నాలుగే, ఇంకా మూడేళ్ల గడువుంది.

మాస్టారు పుల్లతో నేల మీద గీసి చెప్పారు. సముద్రం వైపు ఐదు కిలోమీటర్లు ఎదురుగాలి, అక్కడిదాకా నేను ముందు. మలుపులో డ్రమ్ము ఉంటుంది, అక్కడ నేను ఎడమకి జరగాలి. ఆ పైన పందెం అక్కది. "అర్థమైందా?" అన్నారు. అయిందండీ అన్నాను. నిజంగానే అర్థమైంది. అందువల్ల తర్వాత జరిగినదానికి నాకు ఆ సాకు కూడా మిగల్లేదు.

ముఖ్య అతిథి ఏడింటికి రావలసింది పదింటికి వచ్చారు. పరుగు వల్ల ఆరోగ్యం ఎంత బాగుంటుందో మమ్మల్ని ఎండలో నిలబెట్టి వివరించారు. బయల్దేరేసరికి సముద్రపు గాలి లేచింది. నేను ముందు, నా నీడలో అక్క, ఆ వెనక రేపల్లె నుంచి వచ్చిన ఓ పొడుగాటి అమ్మాయి. సరుగుడు తోటల మధ్య ఆ గాలిని ఐదు కిలోమీటర్లూ నేనే తిన్నాను. డ్రమ్ము దగ్గర జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు ముందున్నవాళ్లకే కొడతారు. మలుపు తిరగ్గానే గాలి వీపుకి వచ్చింది, కాళ్లు తేలికయ్యాయి. నేను ఎడమకి జరగలేదు. వేగం పెంచాను.

నన్ను పట్టుకోవడానికి రేపల్లె అమ్మాయీ వేగం పెంచింది. ఆమెని వదలకుండా ఉండటానికి, చివరికని దాచుకున్న బలమంతా అక్క అక్కడే ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

ఇంకో కిలోమీటరు ఉందనగా నా కాళ్లు చచ్చుబడ్డాయి. వెనక అక్క అడుగులు వినబడ్డాయి. కట్ట మీద ఎప్పుడూ వినని చప్పుడది, ఒక కాలు ఈడుస్తోంది. పక్కకొచ్చి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను.

"నా మడమలు చూస్తూ రావే" అని ముందుకొచ్చింది.

గెలవడానికి పోతోందనుకుని నేను కొంచెం ఊరటపడ్డాను కూడా. కానీ అక్క పోలేదు. సరిగ్గా ఒక్క అడుగు ముందు, రోజూ కట్ట మీద ఉన్నట్టే ఉంది. నేను ఊపిరి కూడదీసుకున్నాను. గీత కనబడుతుండగా రేపల్లె అమ్మాయి మా భుజాల దాకా వచ్చేసింది. అక్క ఎడమకి జరిగి, "పో" అంది.

పోయాను. మొదట వచ్చాను. అక్క మూడోది.

తిరుగు ప్యాసింజర్లో రేపల్లె అమ్మాయి మా ఎదురుగానే కూర్చుంది. పాపం, ఉండబట్టలేక అడిగింది: "మీరెందుకు జరిగారక్కా?"

"నాలో ఇంక ఏం మిగల్లేదు. నన్ను నువ్వు దాటేసేదానివి. దీన్ని దాటలేవు" అంది అక్క, జాకెట్టు కొలతలు చెబుతున్నట్టు.

పొన్నూరు దాటాక కిటికీలోంచి చూస్తూ నన్నడిగింది: "డ్రమ్ము దగ్గర జరగలేదేంటే?"

నేను అబద్ధం వెతుక్కున్నాను, దొరకలేదు. "ముందుంటే బాగుందక్కా" అన్నాను.

"ఊఁ. బాగుంటుంది" అంది.

జూన్‌లో నా హాస్టల్ బట్టలు అక్కే కుట్టింది, ఆ రెండో మిషను మీద. "పొడుగవుతావు కదా, లోపల మడత వదిలాను" అని చెప్పింది. మూడేళ్లపాటు ఏడాదికోసారి ఆ మడత విప్పుకుంటూ వచ్చాను. తర్వాత పరుగు వల్లే ఉద్యోగమూ వచ్చింది. పరిగెత్తి సంపాదించిన కుర్చీలో ఇన్నేళ్లుగా కదలకుండా కూర్చున్నాను. అక్క ఇప్పటికీ అదే షాపులో మిషను తొక్కుతోంది. ఆ లెక్కన మా ఇద్దరిలో ఇంకా కాళ్లు ఆడిస్తున్నది తనే.

ఊరెళ్లినప్పుడు పొద్దున్నే కట్ట మీద నడుస్తాను. ఒక్కోసారి తోడుగా మా అమ్మాయి ఉంటుంది, ఒక్కోసారి ఎవరూ ఉండరు. తూము రాగానే నా కాళ్లు వాటంతటవే ఎడమకి జరుగుతాయి. ఒకసారి షాపు ముందు నిలబడి ఈ సంగతి అక్కకి చెప్పాను. మిషను ఆపకుండానే వింది.

"ఇప్పుడు జరుగుతున్నావా" అంది.