అమ్మకు కోపం తెప్పించడానికి

నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆ వారం ఏడో తరగతికి చెప్పాల్సిన మాట ప్రొవోక్. బోర్డు మీద అర్థాలు రాశాను: రెచ్చగొట్టు, కోపం తెప్పించు, ఉసిగొల్పు. పక్కనే దాని చుట్టాలు. ఇన్‌సైట్ గొడవకి ఎగదోసేది, ఎరౌజ్ నిద్రపోతున్నదాన్ని లేపేది, ఎలిసిట్ లోపల ఉన్నదాన్ని మెల్లగా రాబట్టేది అని తేడాలు చెప్పాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. నా బుర్ర మాత్రం ఇంట్లో ఉంది.

ఇంట్లో అమ్మ డయాలసిస్‌కి వెళ్ళనని మొండికేసింది. అప్పటికే వరసగా రెండుసార్లు మానేసింది. మూడోదీ పోతే ఏమవుతుందో పలాస ఆసుపత్రిలో నర్సు దాచకుండా చెప్పింది. బతిమాలాను, ఏడ్చాను, ఒట్లు పెట్టాను. మా సంఘం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే చివర్లో ఆమెన్ అని కూడా అనలేదు. అరవదు, తిట్టదు, గోడకేసి చూస్తుంది. నాకు అదే భయం. ఒకప్పుడు మా అమ్మ నోటికి వీధి వీధంతా జడిసేది. నా నోరూ అక్కణ్ణుంచి వచ్చిందే.

ఆమెకి ఎక్కడ మండుతుందో నాకు తెలుసు. పాతికేళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసింది. పప్పు విరగకుండా ఒలవడమే ఆమె గొప్ప. ఇంట్లో తినే పప్పునైనా ఎవరైనా రెండు బద్దలు చేస్తే చేతి మీద ఒక్కటిచ్చేది. "సేతులా, రోకళ్ళా?" అనేది.

మూడో డయాలసిస్ రోజు బడికి సెలవు పెట్టాను. ఆటో వచ్చే వేళకి జీడిపప్పు పళ్ళెంలో పోసుకుని ఆమె ముందు కూర్చున్నాను. ఒకటి తీసి టప్పున విరిచాను. చూడలేదు. ఇంకొకటి. మరొకటి. పళ్ళెం నిండా బద్దలయ్యాయి.

"నువ్వు ఫ్యాక్టరీలో సేసిందీ ఇంతేనేటి? పెద్ద పనిమంతురాలివని ఊరంతా సెప్పుకున్నావు."

ఎంత నీచమైన మాటో అంటున్నప్పుడే తెలుసు. కన్నతల్లి చేత తిట్టించుకోవడానికి అంత దిగజారాను. తిట్టు, కొట్టు, పళ్ళెం నా మొహాన విసురు, ఆ ఊపులోనే నిన్ను ఆటో ఎక్కించేస్తాను అనుకున్నాను.

అమ్మ చెయ్యి పళ్ళెంలోకి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన ఆ చెయ్యి బద్దల్లో వెతికి, మిగిలిన ఒకే ఒక్క నిండు పప్పును పట్టుకుంది. దాన్ని కాసేపు వేళ్ళతో తడిమింది. తర్వాత తనే రెండుగా విరిచింది. ఆమె పప్పు విరవడం నేను పుట్టి ఎప్పుడూ చూడలేదు. ఒక బద్ద నా నోట్లో పెట్టింది.

"పొద్దున్నుంచీ ఏటీ తిన్లేదు నువ్వు. తిను. నన్నింక ఒగ్గీ, ఇడిసిపెట్టీ" అంది.

బయట ఆటో అతను "అక్కా, ఎల్దామేటి?" అని కేకేశాడు. నోట్లో ఉన్నది నమలలేక, మింగలేక గుమ్మం దాకా వెళ్ళి, ఆమె రాదని చేత్తోనే చెప్పాను.