ఇప్పపువ్వు గ్లాసు

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. బోనకల్ దగ్గర మాది చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారని అమ్మ నమ్మకం. ఎక్కడా ఉండరని నా నమ్మకం. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా దెయ్యాలున్నాయని నేను అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ఎనభైల మధ్యలో ఖమ్మంలో ఒక బార్‌లో పనిచేసేవాణ్ణి. అప్పుడు అక్కడ బార్ అంటే బ్రాందీ, సోడా, పల్లీలు. నా పిచ్చి వేరు. సికింద్రాబాద్ క్లబ్బులో ఒకాయన రెండు రకాల మందు, పళ్లరసం కలిపి, షేకర్‌లో ఊపి, గ్లాసులోకి సన్నటి ధారగా వంచడం ఒకసారి చూశాను. అంతే, ఇక వేరే పని మీదికి మనసు పోలేదు. మూతున్న స్టీలు డబ్బాలో నీళ్లు, ఐసు వేసి ఇంట్లో ఊపుతుంటే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది. కొడుకు బడిపంతులు కావాలని ఆమె ఆశ. ఎండాకాలం అయిపోయేలోగా పెద్ద హోటల్లో పని దొరక్కపోతే టీచర్ ట్రైనింగ్‌కు పోతానని మాటిచ్చాను.

ఎండలు ముదిరాక ఒకరోజు మా ఓనర్ పిలిచాడు. హైదరాబాద్‌లో పెద్ద హోటల్ నడిపే ఒకాయన టేకులపల్లి అవతల అడవిలో ఉన్న పాత కలప కంపెనీ బంగళా చూడటానికి వస్తున్నాడట. వయసులో ఉన్నప్పుడు ఆయన అక్కడే మేనేజర్‌గా చేశాడట. మధ్యాహ్నం భోజనం, మందు ఏర్పాట్లు మావి.

"సుందర్, జర మంచిగ చేసి పెట్టు. నచ్చితే నిన్ను ఆయనే తీస్కపోతడు" అన్నాడు ఓనర్.

ఆ మాటతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎన్నాళ్లుగానో దాచుకుని కొన్న కొత్త షేకర్‌ను ఒళ్లో పెట్టుకుని జీపులో కూర్చున్నాను. దారి పొడుగునా ఏం కలపాలో, ఎలా ఊపాలో మనసులోనే చేసి చూసుకున్నాను.

బంగళాలో హాలు చివర పొడవాటి టేకు కౌంటర్ ఉంది. పైన దుమ్ము. వాచ్‌మన్ లచ్చయ్య, పక్క గూడెం ఆయన, తడిగుడ్డతో తుడిచిచ్చాడు. బయట వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి ఉంది. ఆ తియ్యటి ఘాటు హాలంతా నిండింది. నేను ఆ ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. మా బంధువుల్లో కూడా ఎవరూ అక్కడ పనిచేయలేదు. తర్వాత అమ్మను, మేనమామలను గుచ్చి గుచ్చి అడిగి మరీ తెలుసుకున్నాను.

పెద్దాయన వచ్చి కౌంటర్ ముందు కూర్చున్నాడు. సన్నటి మనిషి, తెల్లటి చొక్కా. ఏదైనా నీకు తోచింది చెయ్యి అన్నాడు. ఇదే కదా నేను ఎదురుచూసింది. షేకర్ అందుకోబోయాను.

అందుకోలేదు. లచ్చయ్యను పిలిచి, వాకిట్లోంచి గుప్పెడు ఇప్పపువ్వు తెమ్మన్నాను. ఎందుకన్నానో తెలియదు. పువ్వును నిమ్మచెక్కతో కలిపి గ్లాసు అడుగున నలిపాను, జిన్ పోశాను, ఐసు వేశాను. కలపడానికి చెంచా కావాలి. నా చెంచా సంచిలో ఉంది. కానీ నా చెయ్యి కౌంటర్ కిందికి పోయి ఒక చెక్కను పక్కకు జరిపింది. లోపల చిన్న గూడు. అందులోంచి మెలికలు తిరిగిన కాడతో పొడవాటి వెండి చెంచా తీశాను. నల్లగా మారిపోయి ఉంది. కడిగి, గ్లాసులో తిప్పి, అంచు మీద టకటకా కొట్టి, ఆయన ముందు పెట్టాను.

అప్పుడు చూసుకున్నాను. ఇదంతా ఎడమ చేత్తో చేశాను. నాది కుడిచేతి వాటం.

పెద్దాయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. నా ఎడమ చేతి వంకే చూశాడు. పని పోయిందనుకున్నాను.

"ఇది నీకెవరు నేర్పారు?" అన్నాడు చివరికి.

"ఎవ్వరు నేర్పలే సార్."

తాను మేనేజర్‌గా ఉన్న రోజుల్లో ఈ కౌంటర్ వెనక మస్తాన్ అనే బట్లర్ ఉండేవాడని ఆయన చెప్పాడు. ఎడమచేతి వాటం. ఇప్పపువ్వుతో ఈ మందు అతను ఒక్కడే కలిపేవాడు. అడిగితే నవ్వేవాడు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే జ్వరంతో పోయాడు.

లచ్చయ్య కౌంటర్ కిందికి వంగి ఆ గూడు వంక చూస్తున్నాడు. "ఇన్నేండ్లు గీడనే ఉన్న. గా చెక్క జరుగుతదని నాకే తెల్వదు. నీకెట్ల తెలిసింది?" అన్నాడు.

పెద్దాయన ఆ చెంచాను తన రుమాలుతో తుడిచి, తానే వంగి, తిరిగి ఆ గూట్లోనే పెట్టి చెక్క మూశాడు.

ఆ నెలలోనే నన్ను హైదరాబాద్ పిలిపించాడు. అక్కడే పని నేర్చుకున్నాను, పైకొచ్చాను, నా కింద కుర్రాళ్లను తయారుచేశాను. భద్రాచలం సంత నుంచి ఇప్పపువ్వు తెప్పించి ఎన్నోసార్లు ఆ మందు కలిపి చూశాను. పెద్దాయన ప్రతిసారీ రుచి చూసి, "బాగుంది, కానీ అది కాదు" అనేవాడు. ఎడమ చేత్తో ప్రయత్నిస్తే సగం కౌంటర్ మీద ఒలికేది.

ముందే ఎక్కడో విని మరిచిపోయి ఉంటావని అన్నవాళ్లున్నారు. కావచ్చు. మందు సంగతి విన్నాననే అనుకుందాం. చెక్క సంగతి నాకెవరు చెప్పారు?

దానికన్నా నాకు అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. ఆ కాసేపూ నాకు భయమే వేయలేదు. చెయ్యి నాది కాదన్నట్టు కదులుతుంటే, చాలాకాలం తర్వాత మళ్లీ పనిలోకి వచ్చిన మనిషిలా, లోపల పట్టరానంత సంతోషం. ఆ సంతోషం నాదో కాదో ఈ రోజుకీ చెప్పలేను.