మా పిన్ని అనుమానం

మా పిన్ని మొన్న ఆదివారం పొద్దున్న పోయింది. నూజివీడులో ఏళ్ల తరబడి డాక్టరుగా చేసిన మనిషి కదా, కబురు మా ఇంటికి చేరేలోపే మామిడి మార్కెట్టంతా పాకింది. కాయలు దించుతున్న కూలీలు గంపలు వదిలేసి వచ్చారు.

పిన్ని ఎవరు కనబడినా ముందు చెయ్యి పట్టుకుని పైచర్మం గిల్లి వదిలేది. గిల్లిన చోట వెంటనే సర్దుకోకపోతే తిట్లే తిట్లు. "ఎండలో కాయ కోస్తూ నీళ్లు తాగకపోతే ఎట్లాగే?" అని తోటల్లో ఆడవాళ్లని కేకలేసేది. మా అక్క పెళ్లిలో వియ్యపురాలి చెయ్యి కూడా వదల్లేదు! మా అమ్మ నెత్తి కొట్టుకుంది.

ఎనభై మూడు వేసవిలో నాన్నకి గుండెనొప్పి వచ్చింది. మద్రాసులో యాంజియోగ్రామ్ చేయించాలన్నారు. గుండె రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడటానికి రంగుమందు ఎక్కిస్తారు. మా అందరి బెంగా గుండె గురించే. పిన్నికి మాత్రం ఆ మందు కిడ్నీలని ఏం చేస్తుందోనని భయం.

"సుగరుంది. వయసా, అరవై దాటింది. మోకాళ్లకని ఎడాపెడా నొప్పి బిళ్లలు మింగారు. ఈయన కిడ్నీలు తట్టుకోవడం కష్టం" అంది. ఆ బిళ్లలు అప్పటికప్పుడే మాన్పించింది.

"అనుమానం పెనుభూతం, డాక్టరమ్మా!" అని నాన్న నవ్వారు.

"కాయ పోయాక తోటకి కాపలా పెడతారా, బావగారూ?"

పిన్ని కూడా మాతో మద్రాసు వచ్చింది. పరీక్ష రోజు పొద్దున్న నాన్న మంచం మీద దర్జాగా కూర్చుని, "నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు" అన్నారు. ఖాళీ కడుపుతో ఉండాలంటే, ఏకాదశి ఉపవాసమంత నిష్ఠగా ఉన్నారన్నమాట! పిన్ని ఆయన చెయ్యి గిల్లింది. చర్మం ముడత పడి అలాగే నిలబడింది.

నేరుగా గుండె డాక్టరుగారి దగ్గరికి వెళ్లింది. "ఇవాళ వద్దండీ. ఒంట్లో నీళ్లు లేనప్పుడు ఆ రంగు కిడ్నీలని దెబ్బతీస్తుంది. సెలైన్ ఎక్కించి రేపు చేద్దాం. రంగు కూడా ఎంత తక్కువైతే అంత మంచిది."

మా బాబాయికి ఒళ్లు మండింది. "ఈలోగా అన్నయ్య గుండె ఆగిపోతే ఎవరిదండీ పూచీ?"

"నాది" అంది పిన్ని.

డాక్టరుగారు ఆమె లెక్కంతా విని, సరేనన్నారు. పరీక్ష మర్నాడు జరిగింది. గుండె మందులతో నెగ్గుకొస్తుందని చెప్పారు. బాబాయి కొబ్బరికాయ కొట్టడానికి వెళ్లాడు. పిన్ని మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కిడ్నీలు దెబ్బతింటే ఒంటేలు తగ్గి బయటపడేది ఆ తర్వాత రోజుల్లోనేనట.

అది జరిగి ఆరేళ్లయింది. ఈ ఏడు కూడా నాన్న దగ్గరుండి కాయ కోయించారు. రోగం వచ్చాక కుదిర్చినవాళ్లకి అందరూ దండం పెడతారు. రాకుండా ఆపినవాళ్లు ఎవరికీ కనబడరు. నాకు కనబడింది. ఆవిడ మా పిన్ని అని చెప్పుకోవడం నాకెంతో గర్వం.

మద్రాసంటే నాకు సముద్రం గుర్తు రాదు. ఆస్పత్రి కిటికీ దగ్గర నిలబడి, నాన్న ఒంటేలు సీసాని వెలుతురుకెత్తి పట్టుకున్న పిన్నే గుర్తొస్తుంది. "నిండుగా వచ్చిందండీ, బావగారూ!" అని వార్డంతా వినబడేలా అరిచింది. నాన్న సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నారు. పిన్ని ఆ సీసాని ఎంతసేపటికీ కిందికి దించలేదు.