రెండో భాగం

ఆ రోజుల్లో ప్రేమించడం కన్నా ప్రేమలో ఓడిపోవడమే గొప్పని నాకు గట్టి నమ్మకం. తప్పు నాది కాదు, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన పాత నవలది. అందులో నాయకుడు మనసులో మాట చచ్చినా చెప్పడు. ప్రేమించిన అమ్మాయి ఊరొదిలి పోతుంటే స్టేషన్‌లో శాలువా సర్దుకుని "నీ సుఖమే నా సుఖం" అంటాడు. రైలు కదులుతుంది. అక్కడితో మొదటి భాగం సమాప్తం. రెండో భాగంలో ఆమె తప్పకుండా తిరిగొస్తుందని నేనే తీర్మానించేశాను. అదెక్కడని అడిగితే పుస్తకాలాయన "వచ్చే ఐతారం తెస్త, ఫికర్ చెయ్యకు" అనేవాడు.

నాంపల్లిలో మా చర్చి క్వయర్‌లో పాడే ఒకమ్మాయిని అందరం టీచరమ్మ అనేవాళ్లం (సండే స్కూల్ పిల్లలు ఆమెకు తప్ప ఎవరికీ భయపడేవాళ్లు కాదు). ఆరాధన అయ్యాక మొజంజాహీ మార్కెట్ దాకా కలిసి నడిచేవాళ్లం. ఒకరోజు మామిడిపండు ఐస్‌క్రీమ్ తింటూ తనే అడిగింది. "మా ఇంట్ల సంబంధం చూసిన్రు. నువ్వేమంటవ్?" ఆ మండుటెండలో నేను శాలువా సర్దుకుని (అవును, కప్పుకునే తిరిగేవాణ్ణి) "నీ సుఖమే నా సుఖం" అన్నాను. "గంతేనా?" అంది. ఐస్‌క్రీమ్ సగంలో వదిలేసి హిమాయత్‌నగర్ బస్సెక్కింది.

మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరముంటే లేచి నిలబడి చెప్పండంటూ పాస్టరు అయ్యగారు కళ్లజోడు పైనుంచి అందరినీ చూస్తారు. టీచరమ్మ పెళ్లి ప్రకటన చదివిన మూడుసార్లూ ఆమె నా వైపు చూసింది. మూడుసార్లూ నేను ఆరాధన ముగియగానే ఆబిడ్స్‌కు పరుగెత్తాను, నాయకుడు ఏం చేశాడో తెలిస్తే నేనూ అదే చేద్దామని!

రెండో భాగం నాలుగో ఆదివారం దొరికింది. అప్పటికి ఆమె పెళ్లయి మూడు రోజులు. నాంపల్లి స్టేషన్ బెంచీ మీద కూర్చుని చదివాను. నవలలో ఆమె తిరిగి రాలేదు. ముసలితనంలో ఎదురుపడి, "ఒక్కసారి ఆగమంటే ఆగేదాన్ని" అంటుంది. నాకు ఏడుపొచ్చింది, ఆ నాయకుడి కోసం మాత్రం కాదు.

మొన్న చర్చి వార్షికోత్సవంలో టీచరమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది, గొంతు అలాగే ఉంది.

"ఔ గానీ, గా మూడు వారాలు ప్రార్థన కాంగనే ఏడికి ఉరికేటోనివి?"

"పుస్తకాల కాడికి."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ, "నేనైతే లేచి నిలవడ్తవేమో అనుకున్న" అంది.

ఈసారి నిజంగానే చలికి శాలువా కప్పుకుని ఉన్నాను. సర్దుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నిలబడాల్సింది" అన్నాను.

నలభై ఏళ్లు ఆలస్యమైతేనేం, ఆ ఒక్క మాట మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు.